దేవుడి గదిలో పెట్టిన కార్డు

నేను ముప్ఫై రెండేళ్ళు హైస్కూల్లో సైన్సు పాఠం చెప్పాను. ఎవరైనా ఆ సంగతి గౌరవంగా ఎత్తితే నాకు ఒళ్ళు మండుతుంది. ఎదుటివాడికి చెప్పేటందుకే నీతులని పెద్దలు ఊరికే అనలేదు. సూక్ష్మజీవుల పాఠంలో యాంటీబయాటిక్స్ గురించి బోర్డు మీద రాసి పిల్లల చేత నోట్సులోకి ఎక్కించిన చెయ్యి ఇదే. డాక్టరు రాయకుండా వాడకూడదు, నయమైందని మధ్యలో మానకూడదు, ఒకరి మందు ఇంకొకరు మింగకూడదు, కొందరికి కొన్ని మందులు పడవు కాబట్టి ముందే కనుక్కోవాలి. పరీక్షలో ఈ ప్రశ్నకి నాలుగు మార్కులు. రాయని పిల్లల్ని బెంచీ ఎక్కించేవాణ్ణి కూడా.

మాది భీమవరానికి పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో కాలవగట్టు మీద ఊరు. తొంభైల మధ్యకొచ్చేసరికి ఊరి చుట్టూ చేలు పోయి రొయ్యల చెరువులు వచ్చాయి. ఇంట్లో ముగ్గురం. మా అమ్మ, నేను, మా ఆవిడ. పిల్లలు కలగలేదు. ఆ బాధ మా ఆవిడ నోట ఎప్పుడూ వినలేదు కానీ, నా దగ్గర ట్యూషన్‌కి వచ్చిన ఏ పిల్లనీ వట్టి చేతుల్తో పంపించేది కాదు. ఆవిడ అయిదో తరగతి దాకా చదువుకుంది. తెలుగు వారపత్రిక అట్ట నుంచి అట్ట దాకా చదివేది. ఇంగ్లీషు ముక్క రాదు.

ఒక ఆదివారం మా ఆవిడ జెల్లచేపలు బాగు చేస్తుంటే ముల్లు బొటనవేలి కింద లోతుగా దిగింది. రెండు రోజులు పసుపూ సున్నం పట్టించి ఊరుకుంది. మూడో రోజుకి చెయ్యి మోచేతి దాకా వాచి జ్వరం వచ్చింది. అప్పుడు కోప్పడి భీమవరం తీసుకెళ్ళాను. అక్కడొక చిన్న నర్సింగ్ హోమ్, అందులో నడివయసు డాక్టరమ్మ. పెన్సిలిన్ ఇంజక్షన్ ఇవ్వాలన్నారు. ముందు చర్మం కింద కొద్దిగా ఎక్కించి కాసేపు చూశారు. ఏమీ కనపడలేదు. సరేనని ఇంజక్షన్ చేశారు.

అయిదు నిమిషాలు కాలేదు, అరచేతులు దురద పెడుతున్నాయంది. చేతులు చీరకేసి రుద్దుకుంటుంటే నేను నవ్వాను కూడా, డబ్బులొస్తాయిలే అని. ఆ నవ్వు పూర్తి కాకుండానే పెదాలు పొంగాయి, మెడ మీదా వీపు మీదా దద్దుర్లు లేచాయి, గొంతులోంచి పిల్లనగ్రోవిలో గాలి ఇరుక్కున్నట్టు శబ్దం వచ్చింది. డాక్టరమ్మ పరుగున వచ్చి ఇంకో ఇంజక్షన్ తొడలో పొడిచారు, ఆక్సిజన్ పెట్టారు, సెలైన్ కట్టారు. సాయంత్రానికి మనిషి లేచి కూర్చుని, అత్తయ్య గారు అన్నం తిన్నారో లేదో అని అడిగింది. నేను వరండాలోకి వెళ్ళి గోడకి తిరిగి ఏడ్చాను.

మర్నాడు పంపించేముందు డాక్టరమ్మ ఒక మందపాటి కార్డు మీద ఎర్ర సిరాతో ఇంగ్లీషులో నాలుగు వరసలు రాశారు. ఇద్దర్నీ కూర్చోబెట్టి మరీ చెప్పారు.

"మాస్టారూ, ఇది ఒక్క మందుతో పోయేది కాదండి. పెన్సిలిన్‌కి అన్నదమ్ములు చాలామంది ఉన్నారు. పేర్లు వేరు, ఇంటిపేరు ఒకటే. ఇంజక్షనైనా, బిళ్ళైనా, పిల్లలు తాగే మందైనా సరే, ఆ వంశంలో ఎవర్నీ ఈవిడ గడప తొక్కనివ్వకండి. రెండోసారి ఇంతకంటే గట్టిగా రావచ్చు."

ఆ వంశం పేర్లన్నీ రెండో వరసలో రాశానన్నారు. ఎక్కడ ఏ మందు పుచ్చుకున్నా, ఆఖరికి దగ్గు మందైనా, ముందు ఈ కార్డు చూపించమన్నారు. దురద, దద్దుర్లు, పెదాల వాపు, ఆయాసం, వీటిలో ఏది కనపడినా ఇంట్లో కూర్చోకుండా పరిగెత్తుకు రమ్మన్నారు. కార్డుకి జిరాక్సు తీయించి నా దగ్గర ఒకటి పెట్టుకోమన్నారు. మా ఆవిడ ప్రతి మాటకీ తలూపింది. నేనూ ఊపాను.

బస్సులో కార్డు తీసి చదివాను. మొదటి వరసలో పెన్సిలిన్ అని ఉంది. అది నాకు తెలిసిన మాటే, పాఠంలో ఉన్న మాటే. రెండో వరసలో ఏడెనిమిది పేర్లు. నా కళ్ళు వాటి మీదుగా పోయాయి తప్ప ఒక్కటీ లోపలికి వెళ్ళలేదు. బస్‌స్టాండు పక్కనే జిరాక్సు కొట్టు ఉంది, కానీ బస్సు కదిలేటట్టుంటే ఎక్కేశాం. తర్వాత తీయిద్దాంలే అన్నాను. మా ఆవిడ ఆ తర్వాత రెండుసార్లు గుర్తు చేసింది. మా స్కూలు ఎదురుగానే ఇంకో జిరాక్సు మిషను వచ్చింది. అయినా ఆ "తర్వాత" రాలేదు.

వారం తిరక్కుండానే ఆ కార్డు నా చొక్కా జేబులో ఉండిపోయి చాకలి మూటలోకి వెళ్ళింది. మూట గుమ్మం దాటేముందు మా ఆవిడ జేబులు తడిమింది కాబట్టి దొరికింది. ఆ రోజు నా మీద ఆవిడకి నిజంగా కోపం వచ్చింది. ఇక మీ దగ్గర ఉంచను, స్వామి దగ్గర ఉంచితే ఎక్కడికీ పోదు అంది. బతికి బయటపడితే అన్నవరం వస్తానని ఆ ఆస్పత్రి మంచం మీదే మొక్కుకుందట. కొండకి వెళ్ళి వ్రతం చేయించుకుని, కార్డుని కూడా చేతిసంచీలో పెట్టుకుని మెట్లెక్కించి తీసుకొచ్చి, ఇంట్లో సత్యనారాయణ స్వామి పటం ముందు నిలబెట్టింది. శుక్రవారం పటాలకి బొట్లు పెట్టేటప్పుడు దానికీ పెట్టేది. ఓ పువ్వు దానికీ పడేది.

నేను ఊరుకుంటానా. డాక్టరమ్మ రాతకి నైవేద్యం కూడా పెట్టవే అనేవాణ్ణి. పెడతాను, మీ సొమ్మేం పోయింది అనేది. నాకది మూఢనమ్మకంలా కనపడింది కానీ, నిజం చెప్పాలంటే ఆ కార్డుని డాక్టరమ్మ చెప్పినట్టు వాడింది మా ఆవిడే. ఊరు దాటితే చాలు, దేవుడి గదిలోకి వెళ్ళి దణ్ణం పెట్టుకుని, కార్డు తీసి సంచీలో వేసుకునేది. పెద్దాపురం మరిడమ్మ జాతరకి పుట్టింటికి వెళ్ళినా, కళ్ళు చూపించుకోవడానికి వెళ్ళినా అది వెంట ఉండాల్సిందే. మందుల కొట్టులో తలనొప్పి బిళ్ళ కొన్నా ముందు కార్డు గల్లా మీద పెట్టేది. కొట్టువాడు పై ముక్క చూసి తిరిగి ఇచ్చేస్తే, నాకు ఇంగ్లీషు రాదండి, మీరే అంతా చదవండి అని నిలబడేది. నా పక్కనే అలా నిలబడుతుంటే నాకు సిగ్గేసేది. ఇంటికి రాగానే కార్డు మళ్ళీ స్వామి ముందుకు వెళ్ళిపోయేది. రెండేళ్ళు ఇలాగే నడిచింది.

రెండో ఏడు ఎండాకాలంలో మాకు మైల వచ్చింది. కాలవ అవతల ఊళ్ళో ఉండే ఒక దాయాది పోయాడు. నేనా మనిషిని ఎప్పుడో ఒక పెళ్ళిలో ఒక్కసారి చూశాను. ఏడు తరాల వెనక ఎక్కడో కలుస్తామట. అయినా పది రోజులు మైలే. కబురు రాగానే మా అమ్మ దేవుడి గది తలుపు దగ్గరికి వేసి గొళ్ళెం పెట్టింది. మైల తీరే దాకా ఎవరూ ఆ తలుపు తియ్యరు, పటాలు ముట్టుకోరు, దీపం పెట్టరు. మా వైపు అందరిళ్ళల్లో ఉన్న ఆచారమే.

నాకు ఇలాంటివి కిట్టవు. మూడో రోజున కావాలనే గడ్డం గీసుకున్నాను. మా అమ్మ మధ్యాహ్నం దాకా పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. మా ఆవిడ బతిమాలి ఆవిడ చేత నాలుగు మెతుకులు తినిపించి, తర్వాత నన్ను పెరట్లోకి పిలిచింది. పెద్దావిడ, ఎన్నాళ్ళుంటారు, ఈ పది రోజులు ఆవిడ మనసు కష్టపెట్టకండి, నా మీద ఒట్టు అంది. ఒట్టు వేశాను. నా జన్మలో నేను నిలబెట్టుకున్న మాట అదొక్కటే అనుకుంటాను.

ఆరో రోజు ఆదివారం. ముందు రోజు నుంచే మా ఆవిడకి కింది దవడ పన్ను సలుపుతోంది. తెల్లారేసరికి చెంప ఉబ్బి, ఒళ్ళు వెచ్చబడింది. ఆదివారం భీమవరంలో పంటి డాక్టరు ఉండడని, ఊళ్ళో ఆరెంపీ గారికి కబురు పెట్టాను. ఆయన పాతికేళ్ళుగా ఊరికి వైద్యం చేస్తున్న మనిషి. మంచివాడు. టీవీఎస్ బండి మీద సంచీ వేసుకుని గంటలో వచ్చాడు. చెంప చూసి చిగుట్లో చీము పట్టిందన్నాడు. సంచీ విప్పబోయి ఆగాడు.

"మాస్టారూ, అమ్మగారికి ఏదో మందు పడదు కదండి. ఆ కార్డు ఒక్కసారి ఇప్పించండి, చూస్తాను."

మా ఆవిడ మంచం మీంచి దేవుడి గది తలుపు వైపు చూసింది. తలుపుకి నాలుగు బారల దూరంలో మా అమ్మ కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. ఆవిడకి చెవి మందం, మా మాటలు వినపడవు. మా ఆవిడ నా వైపు తిరిగి, ఏవండీ, కార్డు అంది. అని ఆగిపోయింది. ఏమనుకుందో నాకు తెలుసు. ఇంకో నాలుగు రోజులే కదా, ఇప్పుడు తలుపు తీస్తే పెద్దావిడ మళ్ళీ అన్నం మానేస్తుంది. నేనూ అదే అనుకున్నాను. అనుకుని ఊరుకోలేదు. ఆ ఇబ్బందిలోంచి ఆవిణ్ణి తప్పించడానికో, ఆరెంపీ ముందు నా చదువు చూపించుకోవడానికో, ఈ రోజుకీ తేల్చుకోలేకపోయాను.

"పెన్సిలిన్ పడదండి. అంతే. కార్డెందుకు, నాకు నోటికొచ్చు."

అతను నమ్మాడు. సైన్సు మాస్టారు చెబితే ఎందుకు నమ్మడు? అయితే ఇంజక్షన్ జోలికి వెళ్ళనులెండి, గొట్టం బిళ్ళలు ఇస్తానని ఒక అట్ట, నొప్పికి ఇంకో రెండు బిళ్ళలు ఇచ్చాడు. ఇంజక్షన్ పడకపోతే బిళ్ళ పడుతుందని ఆ రోజుల్లో చాలామంది అనుకునేవారు. పాపం, అతనూ అనుకున్నాడు. నేను కళ్ళజోడు పెట్టుకుని ఆ అట్ట అటూ ఇటూ తిప్పి చూశాను. కంపెనీ పెట్టిన పేరు కింద చిన్న అక్షరాల్లో అమాక్సిసిలిన్ అని ఉంది. పెన్సిలిన్ అని ఎక్కడా లేదు. కాలవ అవతల చచ్చిపోయిన ఎవరో మనిషికి ఏడు తరాల చుట్టరికం లెక్కగట్టి మైల పట్టిన ఇంట్లో కూర్చుని, చేతిలో ఉన్న మందు చుట్టరికం నేను పోల్చుకోలేకపోయాను. డాక్టరమ్మ అన్నదమ్ములని అంత విడమరిచి చెప్పినా సరే.

"అంతా చదివారా?" అని అడిగింది మా ఆవిడ.

"చదివాను, వేసుకో" అన్నాను.

ఆరెంపీ ఇంకో ఊళ్ళో రోగిని చూడాలని బండెక్కి వెళ్ళిపోయాడు. మా ఆవిడ రెండు ముద్దలు పెరుగన్నం తిని గొట్టం మింగి పడుకుంది. నేను పక్కనే కుర్చీలో పేపరు చదువుకుంటున్నాను. కాసేపటికి చూస్తే పెదవి లావుగా కనపడింది. పంటి వాపు అటు జరిగిందనుకున్నాను. ఇంకాసేపటికి చేతులు దుప్పటికేసి రుద్దుతున్న చప్పుడు వినపడింది.

"అరచేతులు దురదగా ఉన్నాయండి" అంది.

అప్పుడు తెలిసింది. ఇంకేం తెలియాల్సిన అవసరం లేనంతగా తెలిసింది. మా అమ్మ ఏంట్రా అంటోంది. చెవి మందం మనిషికి ఏమని చెప్పను? వీధిలోకి పరిగెత్తి ఆటో కోసం అరిచాను. ఆరెంపీ ఏ ఊరెళ్ళాడో ఎవరికీ తెలియదు. ఎదురింటివాళ్ళు సాయం పట్టి మా ఆవిణ్ణి లేపి నడిపించారు. గుమ్మం దాటబోతూ ఆవిడ వెనక్కి తిరిగి దేవుడి గది వైపు చెయ్యి చాపింది. స్వామికి దణ్ణం పెట్టుకుంటోందనుకున్నాను. పద, పద అని ఆటోలోకి ఎక్కించేశాను.

ఆ రోజు కాలవగట్టు మీద ఒక చెరువులో రొయ్యల పట్టుబడి. వాటికి ఐసు తెచ్చిన లారీ గట్టు మీద ఒక చక్రం దిగబడి అడ్డంగా ఉండిపోయింది. ముందుకు దారి లేదు. అటు చెరువు, ఇటు కాలవ. ఆటో వెనక్కి నడిపించుకుని చుట్టుదారి పట్టాల్సి వచ్చింది. గొంతులో ఆ శబ్దం మళ్ళీ మొదలైంది. మాట లేదు. నా చెయ్యి గట్టిగా పట్టుకుని నా మొహంలోకే చూస్తోంది. భయం కాదు ఆ చూపులో. నేనేదో చేస్తానని నమ్మకం. అది ఇప్పటికీ నన్ను నిద్రపోనివ్వదు. మా ఊరు దాటి ఇంకో ఊరు రాకముందే ఆ పట్టు వదులైపోయింది. అయినా ఆటోవాణ్ణి తొందరపెడుతూనే ఉన్నాను.

నర్సింగ్ హోములో డాక్టరమ్మ చాలాసేపు ప్రయత్నించారు. తర్వాత బయటికొచ్చి ఏం మందు వేసుకుందండీ అని అడిగారు. జేబులోంచి ఆ అట్ట తీసి ఇచ్చాను. చూశారు.

"కార్డు ఏదండి?"

"దేవుడి గదిలో ఉందండి."

ఆవిడ ఆ అట్ట నా చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయారు. తిట్టి ఉంటే బాగుండేది.

పొద్దుగుంకేలోపే దహనం కూడా అయిపోయింది. ఆరెంపీ వచ్చి మా గేటు బయట నేల మీద కూర్చుని నుదురు కొట్టుకున్నాడు. ఊళ్ళో కొందరు అతని మీద చెయ్యి చేసుకోబోతే నేనే అడ్డంపడ్డాను. ఆ ఇంట్లో ఆ రోజు కార్డు అడిగినవాడు అతనొక్కడే. వద్దన్నది నేను. ఈ మాట అక్కడే గట్టిగా అందరికీ చెప్పాను. ఎవరూ పట్టించుకోలేదు. మాస్టారికి మతి చెదిరిందన్నారు, అంతా రాసిపెట్టి ఉంటుందన్నారు. రాసిపెట్టే ఉంది, ఎర్ర సిరాతో రాసిపెట్టి ఉంది, చదవనిది నేను అన్నాను. దానికీ తలలూపారు.

పాత మైల తీరకుండానే మా సొంత మైల వచ్చిపడింది. దేవుడి గది గొళ్ళెం అలాగే ఉంది. మర్నాడు పొద్దున మా అమ్మ చెవి దగ్గర కూర్చుని జరిగిందంతా చెప్పాను. ఆరెంపీ కార్డు అడగడం, మా ఆవిడ తలుపు వైపు చూడడం, నేను నోటికొచ్చు అనడం. తలుపు తీస్తే నువ్వు అన్నం మానేస్తావని ఊరుకున్నామే అని కూడా చెప్పాను. నీ వల్లే అని అనాలని ఉంది నాకు. నాలుక చివరిదాకా వచ్చింది. మా అమ్మ నా మొహం తనవైపు తిప్పుకుంది.

"నువ్వు అడిగితే కాదనేదాన్నా నాయనా? ప్రాణం మీదికొస్తే మైలేంటి? ఒక్క మాట అడగలేకపోయావా?"

అని గోడ పట్టుకుని లేచింది. తలారా స్నానం లేదు, శుద్ధి లేదు, కోడల్ని సాగనంపిన మర్నాడు, అదే చీరతో వెళ్ళి గొళ్ళెం తీసింది. స్వామి పటం ముందు నుంచి కార్డు తీసుకొచ్చి నా ఒళ్ళో పడేసి, చదువు అంది. చదివి నాకు చెప్పు అంది.

చదివాను. బస్సులో చదవని రెండో వరస చదివాను. అమాక్సిసిలిన్ అందులో మూడో పేరు. దాని కిందే ఒక గీత గీసి ఉంది. కార్డు మీద వాడిన చామంతి రేకొకటి అంటుకుని ఉంది, దాన్ని గోటితో తీశాను. అప్పుడు గుర్తొచ్చింది, గుమ్మం దాటుతూ ఆవిడ చెయ్యి చాపింది దణ్ణానికి కాదు. ఊరు దాటేటప్పుడు ఎప్పుడూ కార్డు తీసుకునే వెళ్ళేది. ఆ గొంతుతో అడగలేక చెయ్యి చూపించింది.

రెండేళ్ళ శుక్రవారాలు ఆ కార్డుకి పసుపూ కుంకం పెట్టింది కదా, అక్షరాలు చెరిగిపోయే ఉంటాయని అంతవరకూ లోపల ఎక్కడో ఒక ఆశ ఉండేది నాకు. తలుపు తీసి చూసినా కనపడేది కాదులే అని చెప్పుకోవాలనుకున్నాను. బొట్లన్నీ అంచు మీదే ఉన్నాయి. ఒకదాని మీద ఒకటి, నాలుగు మూలల ఖాళీలో, జాగ్రత్తగా. ఇంగ్లీషు ముక్క రాని మనిషి ఒక్క అక్షరం మీద కూడా కుంకం పడనివ్వలేదు. ఎవరైనా చదవాల్సి వస్తుందని.